బావ ట్రక్కు, నా బ్రేకు డబ్బా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మాస్టర్స్ పూర్తి చేసి, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద మిషిగన్‌లోని నోవైలో ఉద్యోగం సంపాదించి, హీటరు సరిగ్గా పనిచేయని పాత కారొకటి కొనుక్కుని, మెడలో కంపెనీ బ్యాడ్జి వేసుకుని తిరుగుతున్న కాలం అది. (ఇండియన్ గ్రాసరీకి వెళ్లినప్పుడు కూడా ఆ బ్యాడ్జి తీసేదాన్ని కాదు. మరిచిపోయి కాదు.) నా పని ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్లను పరీక్షించడం. ఫోన్లో ఆ మాట చెబితే అమ్మకి అందులో "బ్రేకు" ఒక్కటే అర్థమై, మా అమ్మాయి అమెరికాలో కార్లకి బ్రేకులు వేస్తోందని తెనాలిలో చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పేసింది. నాన్న ఆ మాటని సవరించబోయి నన్ను ఏకంగా లారీ షెడ్డు దాకా తీసుకెళ్లారు.

మీకా ఇబ్బంది లేకుండా ముందే చెప్పేస్తాను. ఇక్కడి జనం పికప్ ట్రక్కుల వెనక ఏది పడితే అది తగిలించుకుని లాక్కెళుతుంటారు. పడవలు, గుర్రాలు, ఆఖరికి చక్రాల మీద ఇళ్లు కూడా. బ్రేకు తొక్కితే ట్రక్కు ఆగుతుంది, బాగానే ఉంది. వెనకున్న ఇంటికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? దాని ధోరణిలో అది ముందుకు వస్తూనే ఉంటుంది, మనల్ని తోసుకుంటూ. ఆ కబురు అందించేదే నా డబ్బా. స్టీరింగ్‌కి కాస్త పక్కగా, మోకాలి ఎత్తులో బిగిస్తారు. డ్రైవరు బ్రేకు మీద కాలు వేయగానే వెనక ట్రెయిలర్ చక్రాల్లో ఉన్న బ్రేకులకి కరెంటు పంపుతుంది. ఎంత గట్టిగా పట్టాలో చెప్పడానికి ఒక చిన్న తిప్పుడు బిళ్ల ఉంటుంది, దాన్ని గెయిన్ అంటారు. ట్రక్కుతో సంబంధం లేకుండా ట్రెయిలర్‌కి మాత్రమే బ్రేకు వేయడానికి పక్కనే ఒక మీట ఉంటుంది. అంతే. ఈ "అంతే"ని నేను అప్పట్లో గంటసేపు వివరించేదాన్ని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. ఇంత తెలిసినా, నిజమైన ట్రెయిలర్‌ని దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు నేను. మా ల్యాబులో ట్రెయిలర్ అంటే బల్ల మీద బిగించిన నాలుగు అయస్కాంతాలు, కంప్యూటర్ తెర మీద ఎగిరే ఒక పచ్చ గీత.

అదే ఊళ్లో మా పెద్దమ్మ కూతురు ఉండేది. అక్కది ప్రేమ వివాహం, బావది వరంగల్ వైపు. బావకి పికప్ ట్రక్కు అంటే ప్రాణం. దాన్ని ఆఫీసుకి తప్ప ఎక్కడికీ తీసుకెళ్లే పని లేకపోయినా వారానికోసారి కడిగి, తుడిచి, దాని పక్కన నిలబడి ఫొటో దిగేవాడు. ఆ వేసవిలో వాళ్లమ్మగారు, నేను అత్తయ్యా అని పిలిచే ఆవిడ, ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చారు. తల్లికి అమెరికా చూపించడానికి విమానాలూ హోటళ్లూ పనికిరావని బావ తీర్మానించుకున్నాడు. హోటల్లో ఆవిడ నీళ్లు కూడా తాగరు, "ఎవలు తాగిన గ్లాసో" అంటారు. అందుకని వీధి చివర ఉండే ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర వాడిన ట్రావెల్ ట్రెయిలర్ ఒకటి కొనేశాడు. రెండు మంచాలు, ఒక సోఫా, వెనక చివర గాజు కిటికీతో ముచ్చటైన వంటిల్లు. లాంగ్ వీకెండ్‌కి ఉత్తరాన సరస్సు ఒడ్డున క్యాంప్ సైట్ బుక్ చేశానని, నన్నూ రమ్మని ఫోన్ చేశాడు.

వెళ్లి చూశాను. ట్రెయిలర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. ట్రక్కులోకి తొంగి చూశాను. మోకాలి ఎత్తులో ఉండాల్సిన డబ్బా లేదు.

"బావా, కంట్రోలర్ ఏదీ?"

"ఏం కంట్రోలర్?"

"ట్రెయిలర్ బ్రేకులకి. అది లేకుండా దీన్ని లాగకూడదు బావా."

"ట్రక్కుకు బ్రేకులున్నయ్ గద. అంత పెద్ద ఇంజన్, గింత రేకు డబ్బను ఆపదా? ఏం గాదు తియ్."

"ఇది రేకు డబ్బా కాదు, ఇల్లు. ఇందులో మీ అమ్మగారు కాఫీ కూడా పెట్టుకుంటారు."

"అరె, నీ ఉద్యోగం ఆఫీసుల చెయ్యి ఇంజినీరు మేడం, మా ఇంట్ల గాదు," అని బావ నవ్వేశాడు. నాకు చర్రున కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి నాకు తెలిసిన విషయం ఒకటి నా వాళ్లకి అవసరం పడితే, అది కూడా వద్దంటారా? డ్రైవ్‌వేలో ట్రక్కుకీ ట్రెయిలర్‌కీ మధ్య ఉన్న ఇనప కొక్కెం మీద కూర్చున్నాను. కంట్రోలర్ పెడతానంటేనే లేస్తానన్నాను. అక్క బయటికొచ్చి చూసి, "దాని సంగతి మీకు తెలీదు. చిన్నప్పుడు సైకిల్ కొనలేదని మా బాబాయి స్కూటర్ ముందు పడుకుంది. పెట్టనివ్వండి," అంది. బావ లొంగిపోయాడు.

మరుసటి శనివారం డబ్బా పట్టుకుని వెళ్లాను. బిగించడం ఎంతసేపు, డాష్‌బోర్డు కింద దానికోసం తయారుగా ఉన్న ప్లగ్గు వెతికి గుచ్చడం, రెండు స్క్రూలు తిప్పడం. కానీ ఆ ప్లగ్గు ఎక్కడుందో కనపడాలంటే తల కిందకి, కాళ్లు పైకి పెట్టి డ్రైవర్ సీటులో దూరాలి. అలా దూరాను. తెరిచిన తలుపులోంచి నా కాళ్లు రెండూ వీధిలోకి వేలాడుతున్నాయి. కుక్కని తిప్పుకుంటూ వెళుతున్న ఆవిడ ఆగి, "ఈజ్ షీ ఓకే?" అని అడిగింది. అత్తయ్య మాత్రం నా పాదాల దగ్గర నిలబడి, "గిదేం పని బిడ్డా, నీకు పెండ్లి గావాలె," అని బాధపడ్డారు. బావ టార్చి పట్టుకుని క్రికెట్ కామెంటరీ మొదలుపెట్టాడు. స్క్రూ జారి సీటు కిందకి దొర్లింది, దాని కోసం వెతికితే మా బుజ్జి (అక్క కూతురు, అప్పుడే కిండర్‌గార్టెన్ పూర్తి చేసింది) పోగొట్టుకున్న క్రేయాన్లన్నీ దొరికాయి గానీ స్క్రూ దొరకలేదు. ఎలాగో బిగించాను. బయటికొచ్చి జుట్టు సర్దుకుని, "ఇప్పుడు చూడండి," అని బ్రేకు తొక్కమన్నాను.

డబ్బాలో దీపం వెలగలేదు.

సీటులో దూరేటప్పుడు మెడలో బ్యాడ్జి తీసేయడమే మంచిదైంది. ఫ్యూజులు తీసి చూశాను. వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టాను. మీటరు తెచ్చి కరెంటు కొలిచాను. బావ కామెంటరీ ఆపేసి జాలిగా చూడటం మొదలుపెట్టాడు, అది ఇంకా కష్టంగా ఉంది. ఇంతలో అక్క కాఫీ కప్పులతో ట్రక్కు వెనక నుంచి వస్తూ దేన్నో తన్నుకుని తూలింది. "ఏంటే ఇది, అడ్డంగా పాములా పడుంది?" చూస్తే ట్రెయిలర్ నుంచి ట్రక్కుకి తగిలించాల్సిన లావుపాటి వైరు. అసలు ట్రెయిలరే కలపకుండా ట్రెయిలర్ ఏదని డబ్బాని అడుగుతున్నాను నేను! (మా ల్యాబులో బల్ల మీది అయస్కాంతాలు ఎప్పుడూ కలిపే ఉండేవి. వాటిని ఎవరు కలిపేవారో నేనెప్పుడూ ఆలోచించలేదు.) వైరు గుచ్చగానే పచ్చ దీపం వెలిగింది. "ఇది కూడా టెస్టులో భాగమే," అన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఆదివారం ఉదయం మూతబడ్డ ఒక పెద్ద షాపు పార్కింగ్‌లో ట్రయల్. అందరూ ఎక్కారు, అత్తయ్య ఒళ్లో సకినాల డబ్బాతో సహా. గెయిన్ ఎంత పెట్టాలి? ల్యాబులో పరీక్షలు ఎప్పుడూ పై అంకె మీదే జరిగేవి కాబట్టి, గట్టి బ్రేకు కన్నా మంచి బ్రేకు ఏముంటుందన్న నమ్మకంతో బిళ్లని చివరిదాకా తిప్పాను. బావ కాస్త వేగం అందుకుని బ్రేకు మీద కాలు వేశాడు. వెనక ట్రెయిలర్ చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి కీచుమని అరిచాయి. మెడపట్టి ఎవరో వెనక్కి లాగినట్టు ట్రక్కు ఆగిపోయింది. సకినాలు మాత్రం ఆగలేదు. డాష్‌బోర్డు మీద, కప్ హోల్డర్లో, బావ కాలర్లో సకినాలే. ఖాళీ డబ్బాకి మూత పెడుతూ అత్తయ్య అన్నారు: "బిడ్డా, ఆగుడైతే మంచిగ ఆగింది. మనం సుత ఉండాలె గద."

తర్వాత కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ నేను కిందకి దిగి ట్రెయిలర్ చక్రాల పక్కన నిలబడి వింటూ, చూస్తూ, ఆ పార్కింగ్ లాట్ నిండా తిప్పించాను. చక్రం బిగుసుకోకూడదు, అలాగని ట్రెయిలర్ ట్రక్కుని తోయనూ కూడదు. ఆ రెంటికీ మధ్య ఒక చోటుంటుంది. అది ఏ తెర మీదా కనపడదు, నడుముకి తెలుస్తుంది. ఆఖరికి బావ ముఖం విప్పారింది. "అబ్బ! ఎన్కకెల్లి ఎవలో నడుం పట్టి ఆపినట్టున్నది గదనే!" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ ఒక్క వాక్యం కోసం నేను రెండేళ్లు మాస్టర్స్ చదివాననిపించింది. ఆ పొంగులోనే సామాను పాఠం కూడా చెప్పాను: బరువులు ముందు ఉండాలి, వెనక తేలిగ్గా ఉండాలి, లేకపోతే ట్రెయిలర్ తోక ఊపుతుంది. అక్క సకినాలు ఏరుతూ ఊఁ కొట్టింది.

ప్రయాణం రోజు పొద్దున్న నేను వెళ్లేసరికి అంతా సిద్ధంగా ఉంది. ట్రెయిలర్ తలుపు తాళం కూడా వేసేశారు. ఇంజినీరుని కదా, అడగాల్సింది అడిగాను. "అక్కా, బరువైనవన్నీ ముందు పెట్టారా?"

"అన్నిటికన్నా ముందు అవే పెట్టాం," అంది అక్క.

నేను తృప్తిగా తలూపి ముందు సీట్లో కూర్చున్నాను. (మన భాషలో "ముందు" అనే మాటకి రెండర్థాలున్నాయని నాకు ఒకటో తరగతి నుంచీ తెలుసు.)

హైవే ఎక్కాం. అక్క, అత్తయ్య, బుజ్జి వెనక సీట్లో. ఎండ బాగుంది, పులిహోర వాసన బాగుంది, నా డబ్బాలో పచ్చ దీపం ఇంకా బాగుంది. సిగ్నళ్ల దగ్గరా, ఎగ్జిట్ల దగ్గరా ట్రక్కూ ట్రెయిలరూ ఒకే మనిషిలా ఆగుతుంటే, బావ నన్ను చూసి బొటనవేలు ఎత్తేవాడు. ఊళ్లు వెనకబడ్డాయి, చెట్లు మొదలయ్యాయి. పొడుగాటి పల్లం ఒకటి వచ్చింది. ఆ దిగుడులో వేగం కాస్త ఎక్కువైంది. అప్పుడే ఒక పెద్ద లారీ మా పక్కనుంచి రయ్యిమని దాటుకుపోయింది.

"పిన్నీ, హౌస్ డాన్స్ చేస్తుంది!" అంది బుజ్జి, వెనక అద్దంలోంచి చూస్తూ.

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను పక్క అద్దంలోకి చూశాను. ట్రెయిలర్ నిజంగానే ఊగుతోంది. ఒకసారి నా అద్దంలో నిండుగా కనపడి, మాయమై, మళ్లీ ఇంకాస్త నిండుగా కనపడుతోంది. మరుక్షణం ఆ ఊపు ట్రక్కుకి అందింది. మా సీట్లు ఇటూ అటూ కదిలాయి. "ఓ కొడుకా, ఆపు, ఆపు!" అని అత్తయ్య అరిచారు. బావ స్టీరింగ్‌ని ఊపుకి ఎదురు తిప్పుతున్నాడు, అది ఊపుని ఇంకా పెంచుతోంది. అతని కాలు బ్రేకు వైపు వెళ్లడం చూశాను. అప్పుడు ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కితే వెనకున్న ఇల్లు పక్కకి తిరిగి మమ్మల్నీ తిప్పేస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, తెర మీద పచ్చ గీతగా చూశాను. గీత విరిగిపోయేది, నేను మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కేదాన్ని.

"బ్రేకు ముట్టుకోకండి!" ఆ గొంతు నాదేనని నాకు తర్వాత తెలిసింది. "గ్యాస్ మీంచి కాలు తీసేయండి! స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, తిప్పొద్దు బావా, తిప్పొద్దు!"

బావ నా మాట విన్నాడు. ఈ కథలో అన్నిటికన్నా గొప్ప విషయం అదేనని ఇప్పటికీ అనుకుంటాను. నేను ఎడం చెయ్యి చాచి డబ్బా మీట పట్టుకుని పక్కకి జరిపాను. ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా, పార్కింగ్ లాట్‌లో నడుముకి తెలిసినట్టే. వెనక చక్రాలు పట్టుకున్నాయి. ట్రెయిలర్ మొరాయించే ఎద్దులా వెనక్కి గుంజింది. అలా గుంజడంలోనే ఊపు తగ్గింది, మరోసారి సగం ఊగింది, పావు ఊగింది, ఆ తర్వాత బుద్ధిగా మా వెనక వరసలోకి వచ్చి నిలబడింది. అత్తయ్య సీటు బెల్టుని రెండు చేతులా పట్టుకున్నారు. బుజ్జి మాత్రం, "అగైన్?" అంది.

రెస్ట్ ఏరియా వచ్చేదాకా నెమ్మదిగా పోనిచ్చాడు బావ. ఆగగానే నేను దిగి ట్రెయిలర్ తలుపు తీశాను. వెనక వంటింట్లో రెండు సోనా మసూరి బస్తాలు, వెట్ గ్రైండర్, నీళ్ల సీసాల కట్టలు, ఇనప పెనం, రెండు కుక్కర్లు, ఊరగాయ జాడీలు. ముందువైపు మంచాల మీద దిండ్లు.

"అక్కా! ముందు పెట్టామన్నావు కదే?"

"ముందే పెట్టాం! బట్టలకన్నా, దుప్పట్లకన్నా ముందు," అంది అక్క. "అయినా వంట సామాను వంటింట్లో కాక ఇంకెక్కడ పెడతారే?"

ముందు నాకే నవ్వు వచ్చింది, తర్వాత అక్కకి, తర్వాత బావకి. రెస్ట్ ఏరియా గడ్డి మీద మొత్తం సంసారం దించాం. అత్తయ్య ఒక బియ్యం బస్తా మీద కూర్చుని చేతులు జోడించి, తెలిసిన దేవుళ్లందరికీ తలా ఒక కొబ్బరికాయ మొక్కుకున్నారు. పక్కన పడవ లాక్కెళుతున్న ఒక ముసలాయన వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగాడు. బావ అంతకుముందు ఎన్నడూ లేనంత గట్టిగా, ఛాతీ విరిచి, "మై సిస్టర్ ఇన్ లా! షీ మేక్స్ ద బ్రేక్స్!" అన్నాడు. ఆయన టోపీ కాస్త ఎత్తి, తన ట్రెయిలర్‌కి గెయిన్ ఎంత ఉంటే మంచిదో చెప్పమని నన్నడిగాడు. చెప్పాను. అంకె కాదు, ఎలా వెతుక్కోవాలో చెప్పాను, అడిగినదానికి నాలుగింతలు. ఆయన ఓపిగ్గా విన్నాడు. "గా తెల్లాయన సుత మన పిల్లనే అడుగుతున్నడు," అన్నారు అత్తయ్య, పక్కన లేని చుట్టాలకి వినపడేలా.

బస్తాలు ముందుకి మోశాక బావ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఇంక నాతోని గాదు. నువ్వే తోలు."

"నేనా? నేనెప్పుడూ..."

"నాకంటే నీకే ఎక్కువ ఎరుక. తోలు."

తోలాను. నా పాత కారు కన్నా ఎన్నో రెట్లు పొడుగున్న బండిని, అయినవాళ్లందర్నీ ఎక్కించుకుని, సరస్సు దాకా తోలాను. ఆ దారంతా నా వెన్ను సీటుకి ఆనలేదు. మధ్యలో వచ్చిన ప్రతి పల్లంలోనూ అద్దంలోకి చూసేదాన్ని, వెనక ఇల్లు నిటారుగా, గౌరవంగా వచ్చేది. క్యాంప్‌సైట్‌కి చేరి, గర్వంగా హారన్ కూడా కొట్టాను. అక్కడ అర్థమైంది, ట్రెయిలర్‌ని మా చోటులోకి వెనక్కి పెట్టాలని. వెనక్కి వెళ్లేటప్పుడు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఎడమకి తిప్పితే చెట్టు మీదకి పోతుంది. క్యాంపులో ఉన్న జనమంతా మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చుని, తలా ఒక వైపుకి చేతులూపుతూ నాకు దారి చూపించారు. ఒకాయన నా గెలుపు మీద ఆశ వదులుకుని పొయ్యి రాజేసుకున్నాడు. ఆఖరికి బావ నన్ను పక్క సీటులోకి జరగమని, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, కిటికీలోంచి తల బయట పెట్టి, ఒక్కటంటే ఒక్క దెబ్బలో గీత గీసినట్టు పెట్టేశాడు. మడత కుర్చీల వాళ్లు చప్పట్లు కొట్టారు. "ఎలా బావా?" అన్నాను. "మా ఊర్ల ట్రాక్టర్ ట్రాలీలు ఎన్కకు పెట్టిన చెయ్యిది. నీ చదువుల గిది చెప్పరు," అన్నాడు. భయం పోయి బావకి మళ్లీ ఆకలి వేసింది. ఇద్దరం కలిసి పులిహోర గిన్నె ఖాళీ చేశాం.

ఆ సాయంత్రం అత్తయ్య వరంగల్‌కి వీడియో కాల్ చేశారు. ఆవిడ చెప్పిన కథలో లారీలు నాలుగయ్యాయి, పల్లం కొండ అయింది, నేను ఉరికే ఇంటిని ఒంటిచేత్తో గుంజి ఆపాను. సవరించబోయి ఊరుకున్నాను. నేను మాత్రం ఏమన్నా తక్కువ తిన్నానా? ఆఫీసులో చెప్పాను, రూమ్మేట్లకి చెప్పాను, గ్రాసరీలో బిల్లు వేసే అతనికి చెప్పాను, వీసా పేపర్ల కోసం ఫోన్ చేసిన లాయర్‌కి కూడా చెప్పాను. మా మేనేజర్ అంతా విని, మర్నాటి నుంచి నన్ను బల్ల దగ్గర్నుంచి లేపి టెస్ట్ ట్రాక్ మీదకి పంపించాడు. నా అసలు ఉద్యోగం అప్పుడు మొదలైంది.

ఇప్పుడు ఆ డబ్బా ట్రక్కుల్లోనే కలిసిపోయి వస్తోంది. ట్రెయిలర్ ఊగితే బండే పసిగట్టి దానంతటదే సర్దుకుంటుంది, ఎవరూ చెయ్యి చాచక్కర్లేదు. బండికి అది నేర్పిన వాళ్లలో నేనూ ఉన్నాను, మంచిదే. నేను ఎక్కువగా మీటింగుల్లో ఉంటాను. అక్కడ పద్ధతిగా మాట్లాడటం వచ్చింది. "మేము చేశాం", "మా టీమ్ సాధించింది", "అందరి కృషి" అంటుంటాను. మొన్న కొత్తగా చేరిన పిల్లలకి ట్రెయినింగ్ ఇస్తుంటే ఒకమ్మాయి చెయ్యెత్తి, ఈ మీటని నిజంగా రోడ్డు మీద ఎవరైనా వాడారా అని అడిగింది. అలవాటు కొద్దీ "మేము ఒకసారి..." అని మొదలుపెట్టాను. ఎందుకో ఆగాను. పార్కింగ్ లాట్లో చక్రాల పక్కన చెవి పెట్టి నిలబడ్డ ఒక పొగరుబోతు పిల్ల కళ్ల ముందు మెదిలింది. దానికి తెలిసింది కొంచెమే, దాన్ని దాచుకోవడం మాత్రం అసలు తెలీదు. నవ్వొచ్చింది, కొంచెం బెంగ కూడా వేసింది.

"మేము కాదు, నేను," అన్నాను. "నేనే వాడాను. చెబుతాను, కూర్చోండి."